బంతుల మిషనుకు తెలుగు నేర్పిన వైనం

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. పెరట్లో బారెడు పాము కనిపించిందని నేనంటే మా ఇంట్లో ఎవరూ కంగారు పడరు, వానపామేమో చూసి రమ్మని చేతికి చీపురిస్తారు. నా భార్య నేను చెప్పిన ఏ అంకెనైనా నాలుగుతో భాగించి, వచ్చినదాంట్లో సగం నమ్ముతుంది. మీరూ ఇప్పుడు చెప్పబోయేదాన్ని మీకు తోచినంత తగ్గించుకోండి. ఎంత తగ్గించుకున్నా ఒకటి మాత్రం మిగులుతుంది. తిరుపతిలో ఒక ఆదివారం పొద్దున, నేను రాసిన నాలుగు మాటల వల్ల ఒక పెద్దమనిషికి ప్రాణం మీదికీ, ఒక పేదమనిషికి కూటి మీదికీ వచ్చింది. నాలుగు మాటలు కూడా కాదు. రెండే మాటలు, రెండేసి సార్లు.

తొంభైల చివరి రోజులవి. నాకు ఇరవై ఆరేళ్లు. చదివింది తెలుగు ఎమ్మే, చేసేది గుమాస్తా పని. అట్లాంటివాడి దగ్గర చదువు ఊరికే పడి ఉండదు. జేబులో పెట్టుకున్న కప్పలాగా ఎప్పుడు బయటికి దూకుదామా అని చూస్తూ ఉంటుంది. సాయంత్రాలు ఒక టెన్నిస్ క్లబ్బుకు వెళ్లేవాణ్ని. రెండు మట్టి కోర్టులు, ఒక రేకుల షెడ్డు, ఒక నీళ్ల డ్రమ్ము, నలభై మంది మెంబర్లు. ఆ నలభై మందికీ కలిపి ఎనభై పొట్టలు ఉండేవని నా లెక్క. మీరు భాగించుకోండి.

మా క్లబ్బుకు ఒక మార్కరు ఉండేవాడు, పేరు మునిరత్నం. మార్కరంటే క్లబ్బు పెట్టుకున్న ఆటగాడు. మనకు జోడీ దొరకనప్పుడు అవతల నిలబడి, మన చేతికి అందేట్లు బంతులు వేసి ప్రాక్టీసు చేయిస్తాడు. మునిరత్నానికి నలభై ఎనిమిదేళ్లు. రోజూ రేణిగుంట నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. కోర్టులో రూపాయి బిళ్ల పెడితే దాని మీద బంతి వేయగలడు. అట్లాంటివాడు ఇరవై రెండేళ్లుగా మా పొట్టల చేతుల్లో ఎంత నేర్పుగా ఓడిపోయేవాడంటే, మేమంతా మంచి ఆటగాళ్లమనే నమ్మకంతో హాయిగా బతికేవాళ్లం.

అప్పుడొచ్చింది బంతుల మిషను. మద్రాసులో ఏదో క్లబ్బు మూసేస్తుంటే, మా సెక్రెటరీ చెంగల్రాయులు దాన్ని బేరమాడి లారీలో వేయించుకొచ్చాడు. వాషింగ్ మిషనుకూ ఫిరంగికీ పుట్టిన బిడ్డలా ఉండేది. పైన బంతుల తొట్టి, లోపల గిరగిరా తిరిగే రెండు రబ్బరు చక్రాలు, ముందు ఒక నోరు. అయిదు సెకన్లకొక బంతి ఉమ్ముతుంది. అది అందరిదీ కాబట్టి తలా అరగంట అని వరస పెట్టారు. వరస కోసం తువ్వాళ్లు పరిచి పోయేవాళ్లు, రేషన్ షాపు ముందర సంచులు పెట్టినట్లు. ఒకరి తువ్వాలు ఇంకొకరు జరిపినందుకు ఇద్దరు పెద్దమనుషులు ఆరు నెలలు మాట్లాడుకోలేదు.

ఇంతకీ దాన్ని నడపడం తెలిసింది మునిరత్నానికి ఒక్కడికే. రెండు రోజులు దాని ముందు గొంతు కూర్చొని, విప్పి, బిగించి, దాని గుట్టంతా తెలుసుకున్నాడు. మిగతావాళ్లకు తెలియకపోవడానికి కారణం, మిషను మీద ఇంగ్లీషు అక్షరాలన్నీ ఎవరెవరి చెమట చేతులకో చెరిగిపోవడమే.

ఒకరోజు చెంగల్రాయులు నన్ను పిలిచాడు. ఆయన చిత్తూరు మనిషి, ఊళ్లో ఇనుప సామాన్ల అంగడి.

"ఏమప్పా, నువ్వు తెలుగులో ఎమ్మే కదా. ఆ మిషను మింద అచ్చరాలు యాడా కనపడేది లేదు. ఎవురొచ్చినా సదువుకొని, వాళ్లంతట వాళ్లే నడుపుకునేట్లు రాసియ్యి. పెయింటు నా అంగట్లో ఎత్తుకో."

కప్ప దూకింది. ఆ సాయంత్రమే ఎర్ర పెయింటు డబ్బా, కుంచె పట్టుకొని మిషను ముందు కూర్చున్నాను. మునిరత్నం పక్కన నిలబడి ఏది ఎందుకో చూపించాడు.

"ఈ ఎడం పక్క మీట కరెంటుది సా. కుడి పక్క పిడి, తొట్టి కింద తలుపుది. తలుపు తెరిస్తే బంతులు చక్రాల్లోకి పడతాయి, మూస్తే నిలిచిపోతాయి. గమ్మున ఆన్, ఆఫ్ అని రాసేయండి సా, అందురికీ తెలస్తాది."

"మునిరత్నమన్నా, మన భాషలో మాటలకు కరువొచ్చిందా? ఇంట్లో లైటును నువ్వేం చేస్తావు?"

"పొద్దుగూకితే ఏస్తాను. నిద్దరొస్తే తీస్తాను."

"చూశావా, ఎంత బాగా చెప్పినావో."

మీట పైన 'వేయు' అనీ, కింద 'తీయు' అనీ రాశాను. పిడి ఉన్నది తలుపుకు కదా, తలుపును కూడా మనం తీస్తాం, వేస్తాం. పిడి పైన 'తీయు', కింద 'వేయు'. వేగం పెంచే గుండ్రటి బిరడా ఒకటి ఉంటే దాని చుట్టూ 'మందము, మధ్యమము, తీవ్రము' అని రాశాను. రాసి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, రాజుగారు తాను వేయించిన శాసనాన్ని చూసుకున్నట్లు చూసుకున్నాను.

చెంగల్రాయులు వచ్చి చూశాడు. "శానా బాగుండాది. ఆదివారం ప్రెసిడెంటుగారు వస్తారు. ఆయన ముందర మనమే నడిపి చూపిస్తే కమిటీ అక్కడికక్కడే తీర్మానం చేసేస్తాది."

"ఏమని?"

"ఇంగ మార్కరు ఏంటికప్పా? సోమవారం నుంచి మునిరత్నాన్ని నిలిపేద్దాం."

నా చేతిలో కుంచె ఉంది. దాని నుంచి ఎర్ర చుక్క నా చెప్పు మీద పడింది. మునిరత్నం పది అడుగుల దూరంలో కోర్టుకు నీళ్లు చల్లుతున్నాడు. విన్నాడు. చల్లడం ఆపలేదు. సెక్రెటరీ పోయాక డబ్బా మూత పెట్టడానికి నాకు సాయం చేస్తూ అన్నాడు:

"రేణిగుంటలో లారీ ఆఫీసు గోడౌన్ తావ మూటలెత్తే పని ఉండాదంట సా. అడిగి పెట్టినాను."

"మూటలెత్తే వయసా అన్నా నీది?"

"బుజం బాగుండాది సా. మీ అందురి బంతులూ కొట్టిన బుజం కదా." మూత నొక్కి బిగించి, "రాత మాత్రం సక్కంగా కుదిరింది" అన్నాడు.

తిట్టి ఉంటే రెండు మెతుకులు తినేవాణ్నేమో. మెచ్చుకున్నాడు కాబట్టి మూడు రోజులు అన్నం సయించలేదు.

ఆదివారం తెల్లవారింది. నేను బ్యాటు చంకన పెట్టుకొని బయలుదేరుతుంటే వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది. "రేయ్, పొయ్యేటప్పుడు లైటు తీసి, తలుపు ఏసి పోరా."

గడప మీద ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టి అట్లాగే నిలబడిపోయాను. లైటు తీస్తే ఆరిపోతుంది. తలుపు తీస్తే తెరుచుకుంటుంది. లైటు వేస్తే వెలుగుతుంది. తలుపు వేస్తే మూసుకుంటుంది. రెండే మాటలు, కానీ లైటు దగ్గర ఒక అర్థం, తలుపు దగ్గర దానికి సరిగ్గా తిరగబడిన అర్థం. మిషను మీద ఏది లైటో, ఏది తలుపో నేను రాయనేలేదు. మిషను ఆగాలంటే ఎడమది తీయాలి, కుడిది వేయాలి. ఈ సంగతి ప్రపంచంలో నాకూ మునిరత్నానికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

గూట్లో ఉన్న టర్పెంటైను సీసా, ఒక పాత బనీను ముక్క తీసుకొని సైకిలెక్కాను. చెరిపేయాలి. ఆరింటికి ఆట. నేను క్లబ్బు చేరేసరికి అయిదూ యాభై. సెక్రెటరీ షెడ్డులో కుర్చీలు వేయిస్తున్నాడు. మిషను దగ్గర ఎవరూ లేరు. సీసా మూత తీశాను. అప్పుడు మునిరత్నం కనిపించాడు. కోర్టు చివర వంగి, సున్నంతో గీత వేస్తున్నాడు. రేపటి నుంచి తాను తొక్కబోని గీతను, పెళ్లింట్లో ముగ్గు వేసినంత శ్రద్ధగా వేస్తున్నాడు.

చెరిపితే ఆట సాఫీగా జరుగుతుంది, మునిరత్నం మూటలకు పోతాడు. చెరపకపోతే ఏం జరుగుతుందో ఆ వేంకటేశ్వరుడికే తెలియాలి, నన్ను మాత్రం క్లబ్బు నుంచి మెడపట్టి గెంటడం ఖాయం. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే అవతలి కోర్టులో ఆడుతున్నవాళ్లు ఎవరిదో సర్వీసనుకున్నారు. సీసా మూత మళ్లీ బిగించి సంచిలో పెట్టేశాను.

ఆరింటికి ప్రెసిడెంటు పార్థసారథిగారు వచ్చారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తెల్ల నిక్కరు, తెల్ల బూట్లు, నుదుట తడి ఆరని నామం. గుండెకు మాత్రలు వేసుకుంటారు. ఆడొచ్చు కానీ పరిగెత్తకూడదని డాక్టరు చెప్పాడట. మునిరత్నం బంతిని ఆయన కాళ్ల దగ్గరికే తెచ్చి పెట్టేవాడు కాబట్టి ఇన్నేళ్లూ ఆ మాట చెల్లింది.

"మునిరత్నం, నువ్వు ఆ గీత అవతల నిలబడు," అన్నాడు చెంగల్రాయులు. "నేను సెప్పేదాకా మిషను మింద సెయ్యి పెట్టొద్దు."

"సరే సా."

ప్రెసిడెంటుగారు వల అవతల నిలబడ్డారు. చెంగల్రాయులు మిషను వెనక నిలబడ్డాడు. మెంబర్లంతా షెడ్డు కింద.

"సూడండి స్వామీ, తెలుగు సదవను వస్తే సాలు. ముందు ఇది ఏస్తాము."

ఎడం పక్క మీట 'వేయు' మీదికి పోయింది. చక్రాలు గుర్రుమన్నాయి. బంతి మాత్రం రాలేదు.

"ఏం నాయనా, రాలేదే?"

"ఏసినాను స్వామీ. రెండోది కూడా ఏసే ఉండాది." చెంగల్రాయులు నా వైపు చూశాడు. "రెండూ ఏసినా రాకపోతే ఎట్లప్పా?"

నేను కొండ వైపు చూశాను. ఆయన పిడిని పట్టుకొని కాసేపు ఆలోచించి, 'తీయు' మీదికి లేపాడు. టప్పుమని బంతి వచ్చింది. ప్రెసిడెంటుగారు చక్కగా కొట్టారు. షెడ్డు కింద చప్పట్లు. ఇంకొకటి, ఇంకొకటి. చెంగల్రాయుల మొహం వెలిగిపోయింది.

"తీస్తే వస్తాది స్వామీ. ఏస్తే కాదు, తీస్తే."

మునిరత్నం గీత అవతల చేతులు కట్టుకొని, తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు.

పదో బంతికి ప్రెసిడెంటుగారి అడుగు తడబడింది. పన్నెండో బంతికి చెయ్యెత్తారు. "చాలు నాయనా, తీసెయ్."

"తీసే ఉండాది స్వామీ."

"తీసుంటే ఎందుకొస్తోంది?"

"తీసినాము కాబట్టే వస్తా ఉండాది స్వామీ."

"అయితే వెయ్యి."

"ఏసే ఉండాది స్వామీ, ఎడం పక్క."

ఈ మాటల మధ్యలో మూడు బంతులు వెళ్లిపోయాయి. మిషనుకు మన సంభాషణతో పనిలేదు. చెంగల్రాయులు వంగి మీటను చూశాడు, పిడిని చూశాడు. తీయమన్నది తీసే ఉంది, వేయమన్నది వేసే ఉంది. నేను రాసిన తెలుగు ప్రకారం ఇంక చేయడానికేమీ మిగల్లేదు. చివరికి ఆయన కన్ను బిరడా మీద పడింది.

"మందము అంటే లావే కదప్పా? బంతి పొయ్యే సందు లావు తగ్గిస్తే ఇరుక్కొని నిలిచిపోతాది."

నేను నోరు తెరిచేలోగా మందం తగ్గించాడు. అంటే తిప్పుకుంటూ తిప్పుకుంటూ తీవ్రానికి తీసుకుపోయాడు.

ఆ తరవాత వచ్చినవి బంతులు కావు. మొదటిది ప్రెసిడెంటుగారి చెవి పక్కనుంచి వెళ్లి వెనక కంచెలో ఇరుక్కుంది. రెండోది కంచె మీదుగా రోడ్డు మీదికి ఎగిరి, రేణిగుంట పోయే బస్సు కిటికీలోంచి లోపలికి వెళ్లి, టికెట్టు లేకుండా కూర్చుంది. ఇంకొకటి అలిపిరి దిక్కుగా పోయింది, మొక్కు ఉండిందేమో. ప్రెసిడెంటుగారు వెనక్కి వెనక్కి నడిచి కంచెకు ఆనుకున్నారు. బ్యాటును రెండు చేతులతో గుండెకు అడ్డం పెట్టుకున్నారు. బంతి తగిలినప్పుడల్లా బ్యాటు వచ్చి రొమ్మును కొడుతోంది. పక్కకు జరగాలని చూస్తే కాళ్లు కదలడం లేదు. మొహం తెల్లబడింది. అంత దూరం నుంచి కూడా ఆయన నోటితో గాలి పీల్చడం కనిపిస్తోంది.

షెడ్డు కింద ఎవరూ నవ్వలేదు. నాక్కూడా ఇక్కడ హాస్యం తోచడం లేదు.

"అన్నా, ఎడమది తియ్యండి, కుడిది వెయ్యండి," అని అరిచాను.

"ఎవురెడమ? నాదా, ఆయనదా?"

"మిషను ఎడమ."

"మిషనుకు మొగమేదప్పా?"

మొహం ఎటుందో చూద్దామని చెంగల్రాయులు మిషను ముందుకు వచ్చాడు. అది తన మొహం ఎటుందో చూపించింది. బంతి పొట్ట మధ్యలో తగిలింది. ఆయన బస్సులో సీటు దొరికినవాడిలా కోర్టులో కూర్చున్నాడు. ఆయన తల మీదుగా బంతులు ప్రెసిడెంటుగారి దగ్గరికి పోతూనే ఉన్నాయి.

అందరం మునిరత్నం వైపు చూశాం. మునిరత్నం ప్రెసిడెంటుగారిని చూస్తున్నాడు, తన కాళ్ల ముందరి గీతను చూస్తున్నాడు. ఒక కాలు అప్పటికే గీత మీద ఉంది.

"మునిరత్నం," అన్నాడు చెంగల్రాయులు, కూర్చున్న చోటినుంచి, పొట్టలో మిగిలిన గాలితో. "రాప్పా."

"సెప్పినట్లేనా సా?"

"సెప్పినాను."

మునిరత్నం మిషను దగ్గరికి పోలేదు. నా శాసనాన్ని చూడనైనా చూడలేదు. షెడ్డు గోడ దగ్గరికి నాలుగంగల్లో పోయి, ప్లగ్గు పట్టుకొని పీకేశాడు. చక్రాలు మూలిగి ఆగిపోయాయి. చివరి బంతి నోటి దాకా వచ్చి, జారి, కిందపడి రెండడుగులు దొర్లింది.

"దీన్ని పీకాల సా," అన్నాడు నాతో. "దీని మింద మీరేమీ రాయలేదు."

అని, పరుగున పోయి ప్రెసిడెంటుగారిని నడుం పట్టుకొని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, తువ్వాలుతో విసిరాడు. అది వరసలో మొదట పరిచిన తువ్వాలు. తీసినందుకు ఆ రోజు ఎవరూ కొట్లాడలేదు. పావుగంటకు ప్రెసిడెంటుగారి మొహంలోకి రక్తం వచ్చింది. మొదటి మాట:

"రాసిందెవరు నాయనా?"

నలభై తలకాయలు నా వైపు తిరిగాయి. "నేనే సార్."

"తెలుగులో తప్పేమీ లేదు," అన్నారాయన. అది మెచ్చుకోలో, శిక్షో ఇప్పటికీ తెలియదు. తరవాత చెంగల్రాయుల వైపు తిరిగారు. "ఇన్నేళ్లుగా నేనెప్పుడూ మునిరత్నంతో చాలు అని చెప్పలేదయ్యా. చెప్పాల్సిన పని పడలేదు. నా మొహం చూసి ఆపేసేవాడు. ఈ మిషనుకు మొహం ఉంది కానీ కళ్లు లేవు. మునిరత్నం ఉంటాడు. ఆయన తప్ప దీని మీద ఎవరూ చెయ్యి పెట్టకూడదని తీర్మానం రాసుకో."

చెంగల్రాయులు ఒక చేత్తో పొట్ట పట్టుకొని, ఇంకో చేత్తో రాసుకున్నాడు. రాసేటప్పుడు నన్నొక్కసారి చూశాడు. ఆ చూపుకు ఇంట్లో పాలు విరిగిపోయి ఉంటాయి.

సైకిళ్ల దగ్గర మునిరత్నం నా కోసం కాచుకొని ఉన్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"సా, ఒగ మాట. మీరు ఎమ్మే సదివినోళ్లు. ఏయడం, తీయడం తిరగబడతాదని మీకు తెలీకనా? తెలిసే రాసినారు కదా, నా కోసరం?"

నేను సైకిలు తాళం తీస్తూ, మహానుభావులు ఇట్లాంటప్పుడు ఎటు చూస్తారో అటు చూస్తూ, "మరి" అన్నాను.

ఆ ఒక్క మాటకు ఆయన తరవాత తొమ్మిదేళ్లు, రిటైరయ్యేదాకా, నాకు అందరికన్నా తేలికైన బంతులు వేశాడు.

ఇప్పుడు ఇందులో నేను కల్పించిందేదో చెప్పేస్తాను. బంతి బస్సెక్కింది నిజం, కండక్టరు మరుసటి రోజు తెచ్చిచ్చాడు. చెంగల్రాయుల పొట్ట నిజం. కల్పించింది టర్పెంటైను సీసా. మా ఇంట్లో అట్లాంటి సీసా ఏ కాలంలోనూ లేదు. మా అమ్మ లైటు తీసి తలుపు వేయమన్నది నిజమే, రోజూ అంటుంది. నేను లైటు తీశాను, తలుపు వేశాను, రెండూ తప్పు లేకుండా చేశాను, బుర్రకు మాత్రం ఏమీ తట్టలేదు. నా శాసనాన్ని ఊరంతా చదవబోతోందని తల దువ్వుకొని, ఈల వేసుకుంటూ పోయాను. మిషను ఎడమ, కుడి అని అరిచింది కూడా నేను కాదు, మునిరత్నమే. ఆయన గీత అవతలినుంచి అరుస్తుంటే నేను నీళ్ల డ్రమ్ము వెనక ఉన్నాను. ఆ 'మరి' అన్న మాటకు కాళ్లూ చేతులూ మొలిపించడానికి ఇన్నేళ్లుగా ఈ సీసాను మోస్తున్నాను.

కాబట్టి తెలుగు పాఠకులారా, ఏడుకొండల వైపు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ మిషను మీదా క్రియాపదం రాయను. నామవాచకాలు కూడా ఎవరైనా బతిమాలితేనే.